చేరిందో లేదో అడిగావా?

మేడమ్ పోయారని మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో సింహాచలం పెట్టాడు. ఫొటో కింద ఎవరో కూర్చిన మాటలు: ‘శాంతమూర్తి, మృదుభాషిణి, ఎవరినీ నొప్పించని మనసు.’ ఆ కింద వరసగా దండాలు, దీపాలు, కన్నీళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద గౌరవం ఉంటే ముందు ఆ మనిషి ఎలాంటిదో గుర్తు పెట్టుకోవాలి. శాంతమూర్తి అట! ల్యాబ్ తలుపు గొళ్ళెం ఊడొచ్చేలా లాగే మనిషి. మృదుభాషిణి అట! ఆవిడ కేకకి పక్కగదిలో బోటనీ వాళ్ళ చేతుల్లో ఆకులు జారిపోయేవి. నొప్పించని మనసు? మమ్మల్ని నొప్పించారు, ప్రిన్సిపాల్‌ని నొప్పించారు, బస్సు కండక్టర్లని నొప్పించారు. మా ఊరి మధ్య ఒక పెద్ద ఆఫీసరుగారిని కుర్చీలో కూచోబెట్టి మరీ నొప్పించారు. అందుకే మా ఊరు ఇంకా ఉన్నచోట ఉంది.

కాబట్టి నాకు తెలిసిన మేడమ్ గురించి నేను రాస్తాను. దండాలు పెట్టేవాళ్ళు పెట్టుకోవచ్చు.

పొట్టి మనిషి. చలికాలం వచ్చిందంటే మంకీ క్యాపు, మోకాళ్ళ దాకా వేలాడే మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క, వడ్రంగి పెన్సిల్ పెట్టుకున్నట్టు. భుజాన గోనెసంచి. అందులో ల్యాబ్ ల్యాప్‌టాప్, దాని పక్కనే స్టీలు క్యానులో చోడంబలి, అంటే రాగిజావ. ఒకటి ఒలికితే రెండోది పోతుందని మేం భయపడేవాళ్ళం. ఎన్నడూ ఒలకలేదు. కాలేజీలో ఆవిడ కాంట్రాక్టు లెక్చరరు. ఏటా తీసేస్తామనేవారు, ఏటా మళ్ళీ పిలిచేవారు, ఎందుకంటే అంత కొండెక్కి సి లాంగ్వేజి చెప్పడానికి ఇంకెవరూ వచ్చేవారు కాదు.

టైడా స్టేషనుకి కాస్త దిగువన ఉన్న కాలనీలో ఉండేవారు. పొద్దున్నే కిరండూల్ బండెక్కి అరకు వచ్చేవారు. బండి లేటైతే క్లాసు లేటు, అంతే. ఆ దారిలో సొరంగం వచ్చినప్పుడల్లా టూరిస్టులు సరదాగా కేకలేస్తారు కదా. ఆవిడ కేక వాళ్ళ కేకలకి మించిపోయేదట. “ఏటయిందర్రా? సీకటి ఎప్పుడూ సూళ్ళేదేటి?” అని. ఆ తరవాత సొరంగానికి పెట్టె అంతా నిశ్శబ్దం.

ఆవిడ దగ్గర ఏటా ఒకటే ప్రాజెక్టు. ఫైళ్ళు కాపీ చేసే, ఒకచోటి నించి ఇంకోచోటికి మార్చే ప్రోగ్రాము ఎవరికి వారు సొంతంగా సిలో రాయాలి. బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్ల తెర మీద దాని పేరు, తీసుకెళ్ళాల్సిన ఫైలు పేరు, చేరాల్సిన చోటు పేరు టైపు చేస్తే పని జరగాలి. పేరు ఆవిడే పెట్టారు, కావిడి అని.

“మేడమ్, కాపీ సేసీది కంప్యూటర్లో ముందే ఉంది గదా. మళ్ళీ మనం రాయడం ఏటి?” అన్నాడు సింహాచలం మొదటిరోజే.

“నీకన్నా ముందు సానామంది నడిసినారు. నువ్వు నడవడం మానీసినావా?” అన్నారు మేడమ్.

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. “ఉన్నదాన్ని వాడదాం, ఒద్దన్లేదు. లోపల ఏటి సేత్తందో తెలిసి వాడదాం. తెలీకండా మన సామాను ఎవడి సేతికీ ఇవ్వద్దు.”

పని చూడ్డానికి చిన్నదే. మొదటి ఫైలు తెరవాలి, కొంచెం చదవాలి, చదివినంతా రెండో ఫైల్లో రాయాలి, అయిపోయేదాకా అదే పని, చివర రెండూ మూసెయ్యాలి. ఒక పూటలో రాసేశాం అందరమూ. గర్వంగా చూపించాం. ఆవిడ ఒక్కొక్కరి వెనకా నిలబడి, తెర మీద ‘రాయి’ అని కంప్యూటర్‌కి చెప్పే లైను దగ్గర సుద్దముక్కతో పొడిచి, అరచెయ్యి చాచేవారు. ఎవరైనా ఏదైనా చేతిలో పెడతారేమో అన్నట్టు.

“రాయమన్నావు. ఎంత రాసిందో అడిగినావా?”

అడగలేదు. ఎవ్వరం అడగలేదు. రాయమంటే రాస్తుంది కదా అనుకున్నాం. నిజానికి అది రాసిన ప్రతిసారీ ఎంత రాసిందో తిరిగి చెప్తుంది. పెన్‌డ్రైవ్‌లో చోటు లేకపోతే సగమే రాసి, సగమే రాశానని కూడా చెప్తుంది. మేం వినిపించుకోకుండా ముందుకెళ్ళిపోయి చివర ‘పూర్తయింది’ అని తెర మీద వేసుకున్నాం.

“ఏటే గుంటా,” అన్నారు నన్ను. “డుంబ్రిగుడ సంతకి ఎవడి సేతైనా అడ్డాకుల మోపు పంపినావనుకో. సాయంత్రం ఆడు తిరిగొస్తే ఏటడుగుతావు?”

“అందిందా అని అడుగుతాను మేడమ్.”

“అందిందా అని ఒక్కటేనా?”

“మొత్తం అందిందా, దారిలో జారిపోనాయా అని.”

“మరి ఈ గుంటడిని ఎందుకు అడగవు?” అని మానిటర్ నెత్తిన ఒకటి మొట్టారు. దుమ్ము లేచింది.

అదొక జబ్బులాగ ఉండేది ఆవిడకి. ఎక్కడ చూసినా అదే ప్రశ్న, అదే చాచిన చెయ్యి. కొత్త టైమ్‌టేబుల్ గురించి పిల్లలకి చెప్పేశామని ప్రిన్సిపాల్‌గారు మీటింగులో అంటే, “సెప్పారు సరే సార్. వాళ్ళకి అందిందా అని అడిగారా?” అనేవారు. బస్సులో చిల్లర తరవాత ఇస్తానన్న కండక్టరుని దిగేదాకా వదిలేవారు కాదు. మందులిచ్చి పంపేసిన నర్సమ్మతో, “ఆవిడకి ఎప్పుడెప్పుడు మింగాలో అర్థమైందో లేదో అడిగావా అమ్మా?” అని గుమ్మంలో నిలబడిపోయేవారు. ఆవిడతో బయటికెళ్ళాలంటే మాకు సిగ్గేసేది. ఇప్పుడు నేను వైజాగ్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాను. నా పక్కవాళ్ళకి నాతో పనిచెయ్యాలంటే సిగ్గేస్తుంది. ఇన్నిసార్లు అడగడం దేనికి, ఏమీ కాదులే అంటారు. అననియ్యండి. నేను అడుగుతాను.

సింహాచలం చేసిన పని చెప్పాలి. తన ప్రోగ్రాము పరీక్షిస్తూ వాడు ఫైలుని అదే ఫైలు మీదకి కాపీ చేశాడు. తీసుకెళ్ళేదీ అదే, చేరాల్సిన చోటూ అదే. రాయడానికి తెరిచినప్పుడు చేరే చోట ముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తరవాత చదవబోతే ఏముంది, ఖాళీ. ఖాళీని ఖాళీలోకి శ్రద్ధగా కాపీ చేసి, వాడి ప్రోగ్రాము ‘పూర్తయింది’ అంది. పోయిన ఆ ఫైలు ఏదో కాదు, వాడి ప్రోగ్రామే. దాన్ని రాయడానికి వాడికి నెల పట్టింది.

“మేడమ్, పూర్తయిందంటంది గానీ ఏటీ నేదు మేడమ్,” అన్నాడు, మొహం పాలిపోయి.

ఇప్పుడు పేలుతుంది అని మేమంతా తలలు దించుకున్నాం. పేలలేదు. ఆవిడ స్టూలు లాక్కుని వాడి పక్కన కూచున్నారు. తెర మీద ఆ ‘పూర్తయింది’ని చాలాసేపు చూశారు. బయట వాన మొదలైంది. రేకుల కప్పు మీద మోత. కరెంటు పోయింది. అలా మధ్యాహ్నం మసకలో ఆవిడ చెప్పిన కథ అది. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు, తరవాతా చెప్పలేదు.

ఆవిడ చిన్నప్పటి ఊరు నీళ్ళకింద ఉంది. అక్కడెక్కడో ఆనకట్ట కట్టారు. ఆ ఊళ్ళో ఒక ఆచారం. మా ఊళ్ళోనూ ఉంది, అందుకే నాకు వెంటనే తెలిసింది. ఇల్లు మారాలంటే ముందు పాత పొయ్యిలోంచి నిప్పు కణికలు కుండలో బూడిద మధ్య పెట్టుకుని కొత్త ఇంటికి తీసుకెళ్తారు. అక్కడ పొయ్యి అంటించి అంబలి కాస్తారు. ఇంటి పెద్ద రుచి చూస్తుంది. పొయ్యి అంటుకుంది, అంబలి ఉడికింది అని అక్కడి నించి కబురొచ్చేదాకా ఇక్కడ పాత పొయ్యి మండుతూనే ఉండాలి. ఆర్పకూడదు. కబురు రాకపోతే ఎవరూ కదలరు. వాళ్ళకి వాళ్ళ ఇల్లు ఇంకా ఇదే.

“మాకు కోలనీ కట్టీసినాం అన్నారు,” అన్నారు మేడమ్. “లారీ వొచ్చింది. మేం సామాన్లు ఎక్కిస్తండగానే ఇళ్ళు కూల్చడం మొదలెట్టినారు. మళ్ళీ తిరిగొచ్చీస్తామని ఆళ్ళ బయ్యం. మా అమ్మమ్మ పొయ్యి దగ్గిర్నించి లెగనంది. కబురు రాలేదు నాయనా, ఇంకా కబురు రాలేదు అంటంది. ఆళ్ళకి అర్థం కాలేదు. ఎవరి కబురమ్మా అని నవ్వినారు.”

చివరికి ఆ ముసలమ్మ కుండలో నిప్పు పెట్టుకుని, పైన గిడుగు కప్పుకుని లారీ ఎక్కింది. గిడుగంటే తెలుసు కదా, వానకి నెత్తి మీంచి వీపంతా కప్పే ఆకుల గొడుగు. తీరా కాలనీ దగ్గర దిగితే కాలనీ లేదు. నేల మీద ముగ్గుగీతలున్నాయి. ఇదిగో ఇక్కడ మీ గుమ్మం, ఇదిగో ఇది వంటగది అని గీతలు చూపించారు. వాన ఆగకుండా కురుస్తోంది. గీతలు కరిగిపోతున్నాయి. నిప్పు పెట్టడానికి తడి లేని జాగా కోసం అమ్మమ్మ కుండ పట్టుకుని తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి కుండలో నిప్పు ఆరిపోయింది.

“ఆవిడ ఏడవలేదు. ఆ బూడిదలో సేతులెట్టి కూకుంది, ఏదైనా ఒక్క కణిక ఉందేమోనని. నాను పక్కనే ఉన్నాను. ఆళ్ళ కాయితాల్లో ఏటి రాసుకున్నారో తెలుసునా?” అని మేడమ్ చీకటి తెర వైపు చెయ్యి చూపించారు. “ఇదే. పూర్తయింది అని.”

సింహాచలం తన ఫైలు పోయిన సంగతి మర్చిపోయి మేడమ్ వైపే చూస్తున్నాడు. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. అది ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

కరెంటు వచ్చింది. ఆవిడ లేచి, చెవి మీంచి సుద్దముక్క తీసి బోర్డు దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ పాత గొంతు వచ్చేసింది.

“ఇనండి. ఒకే డిస్కులో ఈ గది నించి ఆ గదికి మార్చాలంటే సామాను కదపక్కర్లేదు, గుమ్మం మీద పేరు మారిస్తే సాలు. కానీ ఒక డిస్కు నించి ఇంకో డిస్కుకి మార్చడం అనేది అసలు లేదు. అది ఒట్టి మాట. జరిగీది రెండు పనులు. ఒకటి కాపీ, రెండు చెరపడం. ముందు ఏది సేస్తారు?”

“కాపీ!” అని అరిచాం.

“కాపీ అయిపోగానే సెరిపీడమేనా?”

అప్పుడు సింహాచలం మెల్లిగా అన్నాడు, “కాదు మేడమ్. కబురు రావాలి.”

ఆవిడ వాడి వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ చూపు కోసం మేం ఎన్ని తిట్లయినా తినేవాళ్ళం.

అప్పటినించి మా కావిడి వేరే కావిడి. కాపీ చేశాక, రాసిందంతా నిజంగా డిస్కులోకి దించమని కంప్యూటర్‌ని అడగాలి. దించానని అది చెప్పాక, చేరినచోట ఫైలు మళ్ళీ తెరిచి, మొదటి అక్షరం నించి చివరి అక్షరం దాకా పాతదానితో పోల్చాలి. ఒక్కటి తేడా వచ్చినా పాతదాన్ని ముట్టుకోకూడదు. అలాంటప్పుడు తెర మీద ఏం రావాలో కూడా ఆవిడే చెప్పారు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు ఒప్పుకోలేదు. ‘అక్కడ చేరలేదు. ఇక్కడిది తియ్యలేదు.’ అంతే.

ఇక మా ఊరి సంగతి. డుంబ్రిగుడ దాటి జీపు దిగాక ఇంకా కొండెక్కాలి. కాఫీ, మిరియాలు, చోళ్ళు, కాస్త రాజ్‌మా. నేను ఫైనలియర్‌లో ఉండగా మా కొండ మీద ఒక చెరువు, కొండ కింద ఒక చెరువు కట్టి, నీళ్ళు ఎక్కించి దించి కరెంటు తీస్తామని వచ్చారు. పై చెరువు కట్టేది మా ఊరున్న చోట. ఊరివాళ్ళ సమ్మతి కోసం గ్రామసభ పెడుతున్నామన్నారు. ఆ రోజు ల్యాబ్‌కి రానని మేడమ్‌కి చెప్పాను. ఎందుకని అడిగారు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

సభ రోజు చూస్తే కొండదారిలో రబ్బరు చెప్పులు చేత్తో పట్టుకుని, గోనెసంచి భుజాన వేసుకుని ఎక్కి వస్తున్నారు. నేను పిలవలేదు. మా నానమ్మ ఎదురెళ్ళి, “ఎవరమ్మా నువ్వు?” అంది.

“నీ మనవరాలికి పాఠం సెప్తానమ్మా.”

“అయితే మా పంతులమ్మవి. రా, అంబలి తాగు,” అంది నానమ్మ. ఆవిడ సంచిలోంచి తన క్యాను తీసి చూపించారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్నాళ్ళనించో తెలిసినవాళ్ళలా పక్కపక్కనే కూచున్నారు.

ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు. ఎండలో ఎక్కి వచ్చారు, అలిసిపోయి ఉన్నారు, మర్యాదగా మాట్లాడారు. “మీకే లోటూ రానివ్వం. కింద రోడ్డు పక్కన కాలనీ కట్టిస్తాం. ఇంటింటికీ కుళాయి, కరెంటు, పిల్లలకి బడి...”

“కట్టిస్తావా బాబూ, కట్టినావా?” అంది నానమ్మ, కూచున్నచోటి నించే.

“ముందు మీరు ఒప్పుకోవాలి కదమ్మా. స్థలం ఖాళీ అయితే పనులు మొదలవుతాయి.”

అప్పుడు లేచారు మేడమ్. “సార్, మా కాలేజీలో ఒక కుర్రాడు ఇలాంటి ప్రోగ్రామే రాశాడు. ముందు తుడిచేస్తుంది, తరవాత కాపీ చేస్తుంది. నేనతనికి మార్కులెయ్యలేదు.”

ఆఫీసరుగారికి బోధపడలేదు. “మీరు ఈ ఊరివారా మేడమ్?”

“నాకు ఊరు లేదు సార్. ఒకసారి తరలించేశారు. అందుకని ఉన్న ఊళ్ళు ఉన్నాయో లేదో చూసుకుంటూ తిరుగుతున్నాను.”

గుంపులో ఎవరో పకపకా నవ్వారు. ఆఫీసరుగారు నీళ్ళు తాగారు. నానమ్మ మాత్రం ఆలోచించుకుని, ఒక పరిష్కారం చెప్పినట్టుగా చెప్పింది. “ఇదిగో బాబూ. ఆ కోలనీలో ముందు ఒక పొయ్యెట్టు. దానిమీద అంబలి కాసి ఒక గిన్నెడు నాకంపించు. తాగి సెప్తాను, వొస్తానో రానో.”

ఆమె వేళాకోళం ఆడలేదు. మా ఊళ్ళో అది వేళాకోళం కాదు. ఊరంతా తలలూపింది. సమ్మతి ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు ఆఫీసరుగారు. ఎవరి చెయ్యీ లేవలేదు. సమ్మతి లేనివాళ్ళు అన్నారు. నడుములు వంగిన ముసలాళ్ళు కూడా చెయ్యెత్తడానికి నిటారుగా నిలబడ్డారు. మొదటినించి చివరిదాకా నా ఫోన్లో వీడియో తీశాను.

సభ అయ్యాక ఆఫీసరుగారి మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ప్రభుత్వం తరఫున వాళ్ళు తియ్యాల్సిన వీడియో బ్యాటరీ అయిపోయి సగంలో ఆగిపోయిందట. “ఆ ఫోన్లో మెమరీ కార్డు ఇవ్వమ్మా. ఆఫీసుకి తీసుకెళ్ళి ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుని, కార్డు నీకు పంపించేస్తాం.”

“కార్డు కదలదు,” అన్నారు మేడమ్. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నానమ్మ అరుగు మీద పెట్టి, నా కార్డు దానికి తగిలించారు. “మీ పెన్‌డ్రైవ్ ఇవ్వండి.”

“అయితే మూవ్ చేసెయ్యండి మేడమ్. కార్డులో ఉంచొద్దు. రికార్డు ఒక్కచోటే ఉండాలి. బయట కూడా ఉంటే లేనిపోని గొడవలు.”

ఆవిడ అతని మొహంలోకి చూశారు. “మూవేనా?”

“మూవే.”

“సరే.” రెండు వేళ్ళతో టైపు చేశారు. కావిడి. వీడియో పేరు. పెన్‌డ్రైవ్ పేరు. ఊరంతా ఒక్కమాటగా వద్దన్నదానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని చేతులారా ఇచ్చేస్తున్నారే అనిపించింది. తెర మీద శాతాలు పెరుగుతున్నాయి. కింద రోడ్డు మీంచి జీపు హారను వినిపిస్తోంది. మబ్బు కమ్ముకొస్తోంది. వంద అని పడింది.

“వందొచ్చేసింది, అయిపోయింది మేడమ్, థాంక్సండీ,” అని అతను పెన్‌డ్రైవ్ లాగి జేబులో వేసుకున్నాడు.

తెర మీద ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత వచ్చింది. ‘అక్కడ చేరలేదు. ఇక్కడిది తియ్యలేదు.’

తెర మీద వంద అని పడినంత మాత్రాన అంతా పెన్‌డ్రైవ్‌లోకి దిగినట్టు కాదు. చాలావరకు ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. కావిడి దించమని అడిగింది, జవాబు రాలేదు. కాబట్టి పాతదాన్ని ముట్టుకోలేదు. వేరే ప్రోగ్రామైతే వంద చూడగానే కార్డు ఖాళీ చేసేదేమో.

మేడమ్ అతనికి ఆ వాక్యం చదివి వినిపించి చెయ్యి చాచారు. “మీకేమీ అందలేదు బాబూ. ఇటివ్వండి.” అతను మొహం ముడుచుకుని పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చాడు. ఈసారి ఆవిడ టైపు చేసింది కాపీ. “మూవ్ అన్నాను కదా,” అన్నాడతను. “ఒకసారి సేశాను. మీరే ఆగలేదు,” అన్నారు ఆవిడ. పూర్తిగా దిగి, చదివి, పోల్చి, ‘చేరింది’ అని వచ్చేదాకా అతన్ని వానలో నిలబెట్టారు. నానమ్మ అతని నెత్తిన గిడుగు పెట్టింది.

ఆ తరవాత పై ఆఫీసుకి వెళ్ళిన కాగితంలో మా ఊరు ఒప్పుకున్నట్టు రాసి ఉంది. ఎవరు రాశారో తెలీదు. ఊరంతా జీపుల్లో కిందికి దిగింది. ముందు జీపులో మేడమ్. ఆ రోజు ల్యాబ్‌కి ఆవిడే సెలవు పెట్టారు. ఆ పెద్ద ఆఫీసులో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, చేతులెత్తమన్నప్పుడు ఎవరి చెయ్యీ లేవని ఆ భాగం వేశారు. మళ్ళీ వేశారు. “ఈ కాగితం రాసేముందు ఎవరైనా ఊళ్ళో అడిగారా సార్?” అన్నారు, చెయ్యి చాచి. ఆ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేకపోయారు. ఆ పని రద్దయిందని మాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. కొలతల రాళ్ళు పాతడం మాత్రం ఆగింది. మేం అక్కడే ఉన్నాం.

ఇదీ ఆవిడ శాంతం, ఇదీ మృదుత్వం. గ్రూపులో ఈ ముక్కే పెట్టాను. సింహాచలం ఒక్కడే, ‘కబురు రావాలి’ అని రాశాడు.

దినం నాడు నానమ్మ నాతో టైడా వస్తానంది. వద్దన్నా వినలేదు. చేతిలో కొత్త మట్టికుండ, అందులో బూడిద. ఎందుకంటే చెప్పదు. కాలనీలో మేడమ్ ఇంట్లో ఆవిడ మేనకోడలుంది. దినం అయ్యాక ఇల్లు ఖాళీ చేసి ఎస్.కోట వెళ్ళిపోతుందట. గ్యాసున్నా మేడమ్ పెరట్లో కట్టెలపొయ్యి వదల్లేదని, తను కూడా ఇన్ని రోజులూ ఆరనివ్వలేదని ఆ అమ్మాయి చెప్పింది. నానమ్మ వెళ్ళి ఆ పొయ్యి ముందు కూచుంది. పుల్లతో కణికలు ఏరి కుండలో బూడిద మధ్య పెట్టుకుంది.

“అది పాత ఊరి నిప్పు కాదు మామ్మా,” అంది మేనకోడలు, పాపం, మోసం చేసినట్టవుతుందని. “అది ఆరిపోనాది గదా. ఇది అగ్గిపెట్టెతో అంటించింది.”

“అయితే ఏటి?” అంది నానమ్మ. “ఆరిపోయిన కాడ మళ్ళీ అంటించినాది. అది సాల్దేటి?”

నిప్పుతో బస్సెక్కనివ్వరు. ఆటో మాట్లాడుకున్నాం. ఘాట్‌రోడ్డు పొడుగునా నానమ్మ కుండని ఒళ్ళో పెట్టుకుని, మలుపు మలుపుకీ మూత తీసి ఊదుతూనే ఉంది. ఆటో అతను అద్దంలోంచి భయంగా చూశాడు గానీ ఏమీ అనలేదు. డుంబ్రిగుడలో దిగి, జీపెక్కి, జీపు దిగి, కొండెక్కి ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. మా పొయ్యిలో ఆ కణికలు పెట్టి ఎండుటాకులు వేసింది. పొగ. తరవాత మంట. అంబలి కాసింది. ముందు తను రుచి చూసి, తరవాత నాకు ఇచ్చింది.

మేనకోడలికి ఫోన్ చేశాను.

“అంటుకుందా అక్కా?”

“అంటుకుంది. అంబలి ఉడికింది. తాగాం కూడా.”

“అయితే ఇక్కడ ఆర్పీమంటావా?”

చెయ్యెత్తిన ముసలాళ్ళు, బూడిదలో చేతులు, మేడమ్ చాచిన అరచెయ్యి, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గట్టిగా చెప్పాను.

“ఆర్పకు. నువ్వూ ఒక కుండలో పెట్టుకుని ఎస్.కోట తీసుకెళ్ళు. ఇది మూవ్ కాదు, కాపీ.”

అవతల పెరటి తలుపు తీసిన శబ్దం వినిపించింది.

“అలాగయితే ఉండు అక్కా,” అంది. “పుల్లలు ఎగదోసి వొస్తాను.”